బెంగళూరులో కుట్టు మిషన్ విడిభాగాల దుకాణం: ఏ మిషన్ కోసం, ఏ వీధిలో, ఎంత పెట్టుబడితో

కుట్టు మిషన్ల విడిభాగాలు, కుట్టుపని సామగ్రి అమ్మే చిన్న దుకాణం పెట్టాలనుకునేవారు బెంగళూరులో సాధారణంగా ముందు గది చూసుకుంటారు, అడ్వాన్సు కడతారు, ఆ తరువాత ఏ సరుకు తేవాలా అని ఆలోచన మొదలుపెడతారు. ఈ వరుస తలకిందులు కావాలని నా గట్టి అభిప్రాయం. విడిభాగాల దుకాణానికి వచ్చేవాడు సరదాగా కొనడానికి రాడు. అతని మిషన్ ఆగిపోయింది కాబట్టి, లేదా ఆగిపోయేలా ఉంది కాబట్టి వస్తాడు. ఆగిన ఏ మిషన్‌ను నడిపించడానికి మనం దుకాణం తెరుస్తున్నామో ముందు తేల్చుకుంటే, ఏ సూది ఉంచాలి, ఎవరికి అరువు ఇవ్వాలి, ఏ వీధిలో కూర్చోవాలి, మెకానిక్ కావాలా వద్దా అన్నవన్నీ దాని వెంటే తేలుతాయి. అది తేలకుండా నాలుగు రకాల మిషన్లకూ కొంచెం కొంచెం సరుకు తెచ్చిన దుకాణంలో, అడిగిన వస్తువు ఎప్పుడూ ఉండదు, ఉన్న వస్తువును ఎవరూ అడగరు.

అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడినవారిలో గార్మెంట్ ఫ్యాక్టరీల్లో లైన్ మెకానిక్‌లుగా, సూపర్‌వైజర్లుగా, టైలర్లుగా పనిచేసినవారు చాలామంది ఉన్నారు. కొంత డబ్బు కూడబెట్టుకుని సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకున్నప్పుడు ఈ వ్యాపారం వారి ఆలోచనకు రావడం సహజమే. వారినే దృష్టిలో పెట్టుకుని, ఎదురుగా ఉన్న దారులను ఒకదానితో ఒకటి పోల్చి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మిషన్ మారితే సరుకంతా మారుతుంది

ఇళ్లలోనూ, చిన్న టైలర్ షాపుల్లోనూ కనిపించే నల్లటి ఇనుప మిషన్లు మొదటి రకం. ఉషా, సింగర్, మెరిట్ వంటి పేర్లతో ఉండే ఈ మిషన్లలో ఇంటి వాడకానికి ఉద్దేశించినవి ఎక్కువగా హాఫ్ షటిల్‌వి, టైలర్ రకాలు ఫుల్ షటిల్‌వి (షటిల్ అంటే కింది దారాన్ని పై దారంతో కలిపే భాగం). హాఫ్ షటిల్ బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం), దాన్ని పట్టి ఉంచే బాబిన్ కేస్ ఫుల్ షటిల్‌కు సరిపోవు, దానివి దీనికి సరిపోవు. అందుకే అనుభవం ఉన్న టైలరు కౌంటరు దగ్గరకు వస్తూనే “అన్నా, ఫుల్ షటిల్ బాబిన్ కేస్ ఉందా?” అని రకం చెప్పే అడుగుతాడు. కొత్తగా కుట్టు నేర్చుకుంటున్న ఆడవాళ్లు మాత్రం రకం చెప్పలేరు కాబట్టి, పాత భాగాన్ని వెంట తెమ్మని చెప్పడం దుకాణదారు మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవలసిన పని. ఈ మిషన్లకు కావలసినవి తోలు బెల్టు, చిన్న మోటారు, దాని కాలి రెగ్యులేటరు, బాబిన్ చుట్టే రబ్బరు, టెన్షన్ స్ప్రింగు, గుడ్డను కింద నుంచి జరిపే పళ్ళు, పై నుంచి నొక్కిపట్టే ఫుట్లు, సూదులు, నూనె. ఒక్కొక్క వస్తువు ధర తక్కువ, మిషన్ నిర్మాణం దశాబ్దాలుగా పెద్దగా మారలేదు, కాబట్టి తెచ్చిన భాగం పాతబడిపోతుందన్న భయం చాలా తక్కువ.

ఇళ్లలోకి కొత్తగా వస్తున్న ఉషా జానోమి, బ్రదర్ వంటి ఆటోమేటిక్ మిషన్లను ఇదే గుంపులో కలిపేయకూడదు. వాటి బాబిన్లు తరచుగా ప్లాస్టిక్‌వి, ఎత్తులో కొద్దిపాటి తేడా ఉన్నా కింది దారం చిక్కుపడుతుంది, లోపలి గేర్లు ఏ మోడల్‌కు ఆ మోడల్‌వే. వీటికి బాబిన్లు, సూదులు, ఫుట్లు ఉంచితే చాలు. లోపలి భాగాలు కొత్త దుకాణం నిల్వ పెట్టుకోవలసినవి కావు.

ఫ్యాక్టరీ మిషన్లు రెండో రకం. బట్ట కుట్టే సింగిల్ నీడిల్ మిషన్లలో జూకీ వారి డీడీఎల్-8700 ఎంతగా పాతుకుపోయిందంటే, దానికి సరిపోయే భాగాలు ఇతర కంపెనీల ఎన్నో మిషన్లకూ పనికొస్తాయి. గుడ్డ అంచు కోసి కుట్టే ఓవర్‌లాక్, అల్లిక గుడ్డలను చదునుగా కుట్టే ఫ్లాట్‌లాక్, గుండీ రంధ్రాలు కుట్టే కాజా, గుండీలు కుట్టే బటన్ మిషన్లు వేటికవే వేరు. సూదులతోనే ఈ తేడా తెలుస్తుంది: ఇంటి మిషన్‌కు ఒక పక్క చదునుగా ఉండే హెచ్ఏ×1 సూది, ఫ్యాక్టరీ సింగిల్ నీడిల్‌కు గుండ్రటి కాడ ఉన్న డీబీ×1, డబుల్ నీడిల్‌కు, కాజా మిషన్‌కు డీపీ×5, ఓవర్‌లాక్‌కు డీసీ×27, ఫ్లాట్‌లాక్‌కు యూవై×128, బటన్ మిషన్‌కు టీక్యూ×1. ఒక్కొక్క దానిలో 9, 11, 14, 16, 18, 21 అంటూ సైజులు ఉంటాయి. పలచటి పట్టుకు 9, జాకెట్టు నూలు గుడ్డకు 11, మామూలు కాటన్‌కు 14, జీన్స్‌కు 18, సంచులకు, రెక్సిన్‌కు 21 అన్నది స్థూలమైన లెక్క. టీ-షర్టుల వంటి అల్లిక గుడ్డలకు మొన గుండ్రంగా ఉన్న బాల్ పాయింట్ సూది వేరే కావాలి. అంటే, ఫ్యాక్టరీ వైపు వెళ్లే దుకాణం ఒక్క సూదుల్లోనే పాతిక ముప్పై రకాలు ఉంచాలి, రెండు బ్రాండ్లలో ఉంచితే అవి రెట్టింపు అవుతాయి.

ఈ రెండో రకంలో ఒక పెద్ద మార్పు జరుగుతోంది, దాన్ని గమనించకుండా సరుకు తెచ్చినవారు నష్టపోతారు. పాత ఫ్యాక్టరీ మిషన్లకు బల్ల కింద క్లచ్ మోటారు ఉండేది. మిషన్ కుట్టినా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు వృథా అవుతుంది. ఆ స్థానంలో మొదట కుట్టేటప్పుడు మాత్రమే తిరిగే సర్వో మోటార్లు వచ్చాయి, ఇప్పుడు జాక్ వంటి కంపెనీల డైరెక్ట్ డ్రైవ్ మిషన్లలో మోటారు మిషన్ తలలోనే ఉంటోంది. డైరెక్ట్ డ్రైవ్ మిషన్‌కు బెల్టు లేదు, క్లచ్ ప్లేటు లేదు, పుల్లీ లేదు. దానికి బదులు కంట్రోల్ బాక్సు, దానిలోని సర్క్యూట్ బోర్డు చెడిపోతాయి. ఆ బోర్డు ఖరీదైనది, ఏ మోడల్‌కు ఆ మోడల్‌ది. ఎక్కడో మూసేసిన దుకాణం నుంచి బెల్టులు, క్లచ్ ప్లేట్లు చవకగా వస్తున్నాయని గుత్తగా కొనడం ఇప్పుడు మంచిది కాదు. సూది దారాన్ని అందుకునే హుక్, బాబిన్ కేస్, నీడిల్ ప్లేటు, పళ్ళు, ఫుట్, ఓవర్‌లాక్ కత్తులు, దానిలో దారాన్ని మెలివేసే లూపర్లు మాత్రం మోటారు ఏదైనా అరుగుతూనే ఉంటాయి. పెట్టుబడి అటు వెళ్లడం క్షేమం.

మూడో రకం అసలు మిషన్ భాగాలే కాదు. దారాలు, లైనింగ్ గుడ్డ, శారీ ఫాల్స్, హుక్కులు, జిప్పులు, ఎలాస్టిక్, బక్రం, కాన్వాస్, జాకెట్టు కప్పులు, పైపింగ్ తాడు, లేసులు, మగ్గం వర్క్ సూదులు, పూసలు, జరీ వంటి సామగ్రి. బొటిక్‌లు ఎక్కువైన పేటల్లో దీనికి గిరాకీ రోజూ ఉంటుంది, విడిభాగానికి మాత్రం అప్పుడప్పుడే ఉంటుంది. అయితే దారం షేడ్ కార్డులో వందల రంగులు ఉంటాయి, ఒక్కొక్క రంగు కొంటూ పోతే డబ్బు అల్మరాల్లో ఇరుక్కుపోతుంది. జాకెట్లు కుట్టే పేటలో మొదట ఎరుపు, మెరూన్, ఆకుపచ్చ, నీలం, బంగారు ఛాయల్లో ఎక్కువ రంగులు, మిగతా వాటిలో తక్కువ రంగులు పెట్టుకుని, అడిగి లేదన్న రంగును పుస్తకంలో రాసుకుంటూ పెంచుకోవడం మేలు. ఎండ తగిలే అద్దాల అల్మరాలో దారం వెలుస్తుంది, ఎలాస్టిక్ పట్టు పోతుంది, రబ్బరు గట్టిపడుతుంది, వానాకాలం చెమ్మకు విప్పిన సూదుల పొట్లాలు తుప్పు పడతాయి. ఇవన్నీ లాభంలోంచి పోయేవే కాబట్టి గది చూసేటప్పుడే ఎండ ఏ వైపు నుంచి పడుతుందో, గోడ చెమ్మగిల్లుతుందో లేదో చూడాలి.

నగదు ఇచ్చే టైలరా, అరువు అడిగే ఫ్యాక్టరీయా

ఈ వ్యాపారంలో నిజమైన ఎంపిక ఇదేనని నేను అనుకుంటాను. అందుకని ఇక్కడ కొంచెం లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను తీసుకున్నవి; మీ వీధి అద్దె, మీ జీతం వేసుకుని మళ్లీ లెక్క కట్టుకోవచ్చు.

నెలకు అద్దె 18,000, ఒక సహాయకుడి జీతం 16,000, కరెంటు, ఫోను, రవాణా కలిపి 4,000 అనుకుంటే స్థిరఖర్చు 38,000 రూపాయలు. టైలర్లకు, ఇళ్లవారికి చిల్లరగా అమ్మినప్పుడు అమ్మకంలో సరుకు ఖరీదు పోను 25 శాతం మిగులుతుందనుకుంటే, ఈ ఖర్చు రావడానికే నెలకు 1,52,000 రూపాయల అమ్మకం కావాలి. నెలకు 26 పనిదినాల లెక్కన అది రోజుకు సుమారు 5,850 రూపాయలు. ఇరవై రూపాయల బాబిన్లు, పది రూపాయల హుక్కుల పొట్లాలు అమ్మి రోజుకు అంత చేయడం మొదటి ఏడాది తేలిక కాదు. దుకాణంలోనే మిషన్ బాగుచేసే పని పెట్టుకుని దాని మీద రోజుకు 400 రూపాయలు వచ్చినా నెలకు 10,400 అవుతుంది. అప్పుడు సరుకు అమ్మకం నుంచి రావలసింది 27,600 మాత్రమే, దానికి కావలసిన అమ్మకం 1,10,400, అంటే రోజుకు సుమారు 4,250. మరమ్మతు వల్ల భాగాల అమ్మకం కూడా పెరుగుతుంది, ఎందుకంటే మిషన్ విప్పినవాడే ఏ భాగం అరిగిందో చెబుతాడు. మరమ్మతు లేని చిన్న దుకాణాన్ని అందుకే నేను సిఫారసు చేయను.

ఇప్పుడు ఫ్యాక్టరీ వైపు చూడండి. అక్కడ ఆర్డరు పెద్దది, కానీ స్టోర్స్ మేనేజరు నాలుగు చోట్ల కొటేషన్ తెప్పించుకుంటాడు కాబట్టి మిగులు తక్కువ. 10 శాతం మిగులుతుందనుకుంటే అదే 38,000 రావడానికి నెలకు 3,80,000 రూపాయల సరుకు పంపాలి. డబ్బు 60 రోజులకు వస్తే ఏ రోజు చూసినా 7,60,000 రూపాయల బిల్లులు బయట ఉంటాయి. అంటే, దుకాణంలో ఉన్న సరుకు కాకుండా, దానికి మూడింతలకు పైగా డబ్బు ఇతరుల చేతిలో ఉంటుంది. ఒక్క ఫ్యాక్టరీ మూతపడినా, యూనిట్ నగరం బయటకు తరలిపోయినా చిన్న వ్యాపారి కోలుకోవడం కష్టం.

చిన్న వ్యాపారులకు 45 రోజుల్లో డబ్బు కట్టాలన్న చట్టం ఉంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టంలో ఆ గడువు ఉన్న మాట నిజమే, దాన్ని పాటించని కొనుగోలుదారు ఆ ఖర్చును ఆదాయపు పన్నులో ఆ సంవత్సరానికి చూపుకోలేని నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలైన మాటా నిజమే. అయితే అది సరుకు తయారు చేసేవారికి, సేవలు అందించేవారికి వర్తిస్తుంది. సరుకు కొని అమ్మే వ్యాపారులకు 2021 జూలై నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఇస్తున్నారు కానీ, దాని ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్యతా రంగ రుణాలకే పరిమితం. విడిభాగాలు కొని అమ్మేవారు ఆ 45 రోజుల రక్షణను నమ్ముకుని ఫ్యాక్టరీకి అరువు ఇవ్వకూడదు.

అలాగని ఫ్యాక్టరీ వ్యాపారం చెడ్డదని కాదు. ఎగుమతి ఫ్యాక్టరీల్లో సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా వెతికి, వాటిని రిజిస్టరులో అతికించి, పాత ముక్కలు అప్పగిస్తేనే కొత్త సూది ఇచ్చే పద్ధతి ఉంటుంది. చిన్నపిల్లల బట్టల్లో లోహపు ముక్క ఉండిపోతే కొనేవారు లాటు మొత్తాన్ని తిప్పి పంపుతారు. అందువల్ల సూదులు వారికి ప్రతి నెలా కావాలి, నమ్మకమైన బ్రాండులో బిల్లుతో కావాలి. పదేళ్లు లైన్ మెకానిక్‌గా చేసి, ఏ యూనిట్‌లో ఏ మిషన్లు ఉన్నాయో, ఎవరు సకాలంలో డబ్బు ఇస్తారో తెలిసినవారికి ఇది మంచి దారి. ఆ పరిచయం లేనివారు అటు వెళ్లాలంటే చేతిలో కనీసం 10 లక్షలు ఉండాలి, అది కూడా అప్పు తెచ్చిన డబ్బు కాకూడదు.

వీటి మధ్యలో చాలామంది పట్టించుకోని మూడో కొనుగోలుదారు ఉన్నాడు. ఐదారు నుంచి ఇరవై మిషన్లు పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, నైటీలు, పరుపుల గలీబులు, సంచులు కుట్టే చిన్న యూనిట్ యజమాని. అతనికి సొంత మెకానిక్ ఉండడు, స్టోర్స్ ఉండదు, మిషన్ ఆగితే ఆ రోజు కూలి దండగ అవుతుంది కాబట్టి ధర కంటే తొందర ముఖ్యం. అతను వారానికోసారి లెక్క తీరుస్తాడు, ఫోను చేస్తే వెళ్లి బాగుచేసేవాడి దగ్గరే సరుకంతా కొంటాడు. కొత్త దుకాణానికి ఇంతకు మించిన ఆధారం లేదు.

చిక్కపేటా, ఫ్యాక్టరీల దారా, ఇళ్ల మధ్యా

చిక్కపేట, అవెన్యూ రోడ్డు, రాజా మార్కెట్ చుట్టుపక్కల సందులు ఈ సరుకుకు నగరపు గుండెకాయ. మెజెస్టిక్ బస్టాండుకు దగ్గర, గ్రీన్ లైన్ మెట్రోలో మెజెస్టిక్ తరువాతి స్టేషనే చిక్కపేట, కాబట్టి తుమకూరు, కోలారు, హిందూపురం వైపు నుంచి ఉదయం వచ్చి సరుకు తీసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే చిన్న వ్యాపారులు ఇక్కడికే వస్తారు. కానీ ఇక్కడ ఉన్నవారు తరతరాలుగా పాతుకుపోయినవారు. లూధియానా తయారీదారులతో, ఢిల్లీ టోకు వ్యాపారులతో నేరుగా సంబంధాలు ఉన్నవారు. కొత్తగా వచ్చినవారు వారి ధరకు అమ్మలేరు, వారిచ్చే అరువు ఇవ్వలేరు. చిక్కపేట మనం కొనుక్కోవలసిన చోటు; అమ్మడానికి కూర్చోవలసిన చోటు కాదు. అద్దె గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

బొమ్మనహళ్లి, గార్వేభావిపాళ్య, హోసూరు రోడ్డు ఒక వైపు, పీణ్య, యశవంతపుర, లగ్గెరె మరో వైపు, మైసూరు రోడ్డులో నాయండహళ్లి ఇంకో వైపు గార్మెంట్ పని ఎక్కువగా ఉన్న ప్రాంతాలు. పెద్ద ఫ్యాక్టరీలతో పాటు వాటి చుట్టూ జాబ్ వర్క్ చేసే చిన్న యూనిట్లు, ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇంటి దగ్గర ఒక మిషన్ పెట్టుకున్న ఆడవాళ్లు ఉంటారు. నేను పైన చెప్పిన మూడో కొనుగోలుదారు దొరికేది ఇక్కడే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: నగరంలో భూమి విలువ, కూలి పెరిగేకొద్దీ పెద్ద కంపెనీలు కొత్త యూనిట్లను దొడ్డబళ్లాపుర, రామనగర, మండ్య వైపు, హిందూపురం వైపు పెడుతూ వచ్చాయి. కాబట్టి ఒక పెద్ద ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉందన్న ఒక్క కారణంతో గది తీసుకోకూడదు. ఆ గేటు మూసినా బతకగలిగేన్ని చిన్న యూనిట్లు ఆ చుట్టుపక్కల ఉన్నాయో లేదో చూడాలి.

మారతహళ్లి, కె.ఆర్.పుర, రామమూర్తినగర, మహదేవపుర వంటి తూర్పు పేటల్లో తెలుగు కుటుంబాలు ఎక్కువ, వారి పెళ్లిళ్లకు, పండుగలకు జాకెట్లు కుట్టే బొటిక్‌లు, మగ్గం వర్క్ చేసేవారు, ఫాల్, పికో వేసేవారు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇక్కడ భాష మనకు కలిసొస్తుంది. “అక్కా, ఈ ఫుట్ మీ మిషన్‌కు పట్టదు, పాతది తీసుకురండి” అని తెలుగులో చెప్పగలగడం కొనేవారికి నమ్మకం కలిగిస్తుంది. అయితే తెలుగువారి మీదే ఆధారపడి దుకాణం నడవదు. టైలర్లలో కన్నడిగులు, తమిళులు, ఉత్తర భారతం నుంచి వచ్చినవారు అందరూ ఉంటారు, కన్నడలో, హిందీలో భాగాల పేర్లు చెప్పడం రావాలి. బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలన్నది కర్ణాటకలో 2024లో వచ్చిన చట్టం. ఆ కొలత పెయింటరుకు ముందే చెప్పాలి. ఈ పేటల్లో సరుకు వాటా తలకిందులవుతుంది: సగానికి పైగా దారాలు, లైనింగ్, ఫాల్స్, మగ్గం సామగ్రి ఉండాలి, విడిభాగాలు మిగతా చోటు తీసుకోవాలి.

ఏ పేట అయినా అడ్వాన్సు ఇచ్చే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. చుట్టూ నడిచి వెళ్లగల దూరంలో ఎన్ని టైలర్ షాపులు, ఎన్ని చిన్న యూనిట్లు, వాటిలో ఎన్ని మిషన్లు, ఏ రకంవి అని పుస్తకంలో రాసుకోవాలి. ప్రతి చోటా రెండే ప్రశ్నలు అడగాలి: చివరిసారి ఏ భాగం కొన్నారు, ఎక్కడ కొన్నారు? మనం వేసిన ఉదాహరణలో నెలకు 1,10,400 అమ్మకం కావాలి. ఒక్కొక్క మిషన్ మీద భాగాలు, దారం, సామగ్రి అన్నీ కలిపి నెలకు 600 రూపాయలు మన దగ్గర ఖర్చవుతుందనుకుంటే 184 మిషన్లు మన ఖాతాదారుల దగ్గర ఉండాలి. ఆ చుట్టుపక్కల మొత్తం ఉన్నవే 150 అయితే, గది ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం పాత అలవాటు కాబట్టి, 18,000 అద్దె గదికి 1,80,000 రూపాయలు సరుకు కొనకముందే చేజారుతుంది. ఆరు నెలల అడ్వాన్సుకు ఒప్పుకునే యజమాని ఉన్న కొంచెం లోపలి వీధి, మెయిన్ రోడ్డు కంటే ఈ వ్యాపారానికి మంచిది. మిషన్ ఆగినవాడు సందులోకైనా వెతుక్కుంటూ వస్తాడు.

అసలు సరుకు, నకిలీ సరుకు, మధ్యరకం

సూదుల్లో గ్రోజ్-బెకర్ట్, ష్మెట్జ్ జర్మనీవి, ఆర్గన్ జపాన్‌ది. గ్రోజ్-బెకర్ట్‌కు చండీగఢ్‌లో ఫ్యాక్టరీ ఉంది. ఈ పేర్ల పొట్లాలకు నకిలీలు కూడా అంగట్లో తిరుగుతాయి. నకిలీ సూది కన్ను లోపల గరుకుగా ఉండి దారాన్ని కోస్తుంది, మొన త్వరగా వంగి గుడ్డలో పోగులు లాగుతుంది. దారం తెగుతున్నందుకు టైలరు మిషన్‌ను తిడతాడు, మెకానిక్ టెన్షన్ మార్చి మార్చి విసిగిపోతాడు, చివరకు నింద సూది అమ్మినవాడి మీదికే వస్తుంది. సూదిని అద్దం మీద పెట్టి దొర్లిస్తే వంకర తెలుస్తుంది, భూతద్దంలో మొన, కన్ను చూడవచ్చు. కానీ అన్నిటికంటే మంచి రక్షణ కంపెనీ అధీకృత పంపిణీదారు దగ్గర బిల్లుతో కొనడమే. సూదులు, హుక్‌లు, బాబిన్ కేసులు ఈ మూడింటిలో అసలు సరుకే ఉంచాలని నా సలహా. హిరోసే హుక్, టోవా బాబిన్ కేస్ వంటి జపాన్ సరుకు ఖరీదైనదే. అయినా హుక్ మొన సూదికి వెంట్రుకవాసి దూరంలో తిరగాలి కాబట్టి, అక్కడ చవకరకం పెడితే కుట్టు దాటిపోతూనే ఉంటుంది.

మిగతా భాగాల్లో మధ్యరకం తప్పు కాదు. ఫుట్లు, నీడిల్ ప్లేట్లు, స్ప్రింగులు, థ్రెడ్ స్టాండ్లు, బాబిన్లు లూధియానావి, చైనావి మంచివి దొరుకుతాయి. ఏది కంపెనీది, ఏది దానికి సరిపోయే వేరే తయారీదో కొనేవారికి స్పష్టంగా చెప్పి, రెండు ధరలు పక్కపక్కన చూపించడం ధర్మం. సరిపోయే భాగాన్ని కంపెనీ భాగమని చెప్పి అమ్మినవాడి దగ్గరికి మెకానిక్‌లు మళ్లీ రారు.

నూనె విషయంలో ఒక మాట. తెల్లనూనె డ్రమ్ములో కొని చిన్న సీసాల్లో నింపి అమ్మితే ఎక్కువ మిగులుతుందని చాలామంది చెబుతారు. అలా ముందే నింపి అమ్మే ప్యాకెట్ల మీద పేరు, పరిమాణం, గరిష్ఠ ధర, ప్యాక్ చేసినవారి వివరాలు ఉండాలని, ప్యాక్ చేసేవారు నమోదు చేసుకోవాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. చిన్న దుకాణానికి ఆ తలనొప్పి అక్కరలేదు. కంపెనీ సీసాలే తెచ్చుకోవచ్చు.

పన్నులు, కాగితాలు

కుట్టు మిషన్లు, వాటి సూదులు, భాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధరల పట్టీలు పట్టుకుని తిరిగే సేల్స్‌మన్ల దగ్గర కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. కర్ణాటకలో సరుకు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: మరమ్మతు కూడా చేస్తే అది సేవ అవుతుంది, సరుకు, సేవ రెండూ ఉన్న వ్యాపారానికి పరిమితి 20 లక్షలే. నెలకు 1,10,400 సరుకు, 10,400 మరమ్మతు అనుకున్న మన ఉదాహరణలో ఏడాది మొత్తం 14,49,600. రెండో ఏడాది అమ్మకం సగం పెరిగితే 20 లక్షలు దాటుతుంది. పైగా హోసూరులోనో, హిందూపురంలోనో, కుప్పంలోనో ఉన్న టైలరుకు సరుకు పార్సిల్ పంపితే అది వేరే రాష్ట్రపు అమ్మకం, దానికి మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కాంపొజిషన్ అనే సులభ జీఎస్టీ పథకంలో వ్యాపారి అమ్మకం మీద 1 శాతం కట్టి సులువుగా బయటపడవచ్చు కానీ, ఆ పథకంలో ఉన్నవారు ఇతర రాష్ట్రాలకు అమ్మకూడదు, వారి బిల్లు మీద ఫ్యాక్టరీకి పన్ను తగ్గింపు దొరకదు. కాబట్టి ఇళ్ల మధ్య పెట్టే దుకాణానికి కాంపొజిషన్ సరిపోతుంది, యూనిట్లకు అమ్మేవారు, సరిహద్దు దాటి పంపేవారు మామూలు రిజిస్ట్రేషన్ తీసుకోవడం మేలు. 2025 జూలైలో యూపీఐ వసూళ్ల ఆధారంగా బెంగళూరు చిన్న వ్యాపారులకు వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు వచ్చిన సంగతి తెలిసిందే; సొంత ఖాతా, దుకాణం ఖాతా వేరుగా ఉంచి, రోజూ అమ్మకం రాసుకుంటే ఆ భయం ఉండదు.

షాప్స్ రిజిస్ట్రేషన్, నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్స్, ఉచితంగా దొరికే ఉద్యమ్ తీసుకుంటే బ్యాంకులో కరెంటు ఖాతాకు, ముద్ర రుణానికి ఇబ్బంది ఉండదు. ముద్రలో 50,000 దాకా శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్ విభాగం. కిశోర్ కింద వచ్చే డబ్బును సరుకుకే వాడాలి, అడ్వాన్సుకు సొంత డబ్బు పెట్టాలి. అడ్వాన్సు మీద వడ్డీ కడుతూ కూర్చోవడం దుకాణాన్ని మొదటి ఏడాదే నీరసింపజేస్తుంది.

ఆన్‌లైన్ అమ్మకం గురించి ఎక్కువ చెప్పను. ఇరవై ముప్పై రూపాయల వస్తువుకు పంపే ఖర్చే ఎక్కువ, తప్పు భాగం వెళితే తిరిగి వచ్చే ఖర్చు కూడా మనదే. వాట్సాప్‌లో అరిగిన భాగం ఫొటో పంపమని, సరైనది చూసి పంపడం మాత్రం బాగా పనిచేస్తుంది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఫ్యాక్టరీ లైన్‌లో మెకానిక్‌గా చేసినవారు బొమ్మనహళ్లి, పీణ్య వైపు లోపలి వీధిలో చిన్న గది తీసుకుని, మొదటి ఏడాది చిన్న యూనిట్లకే అమ్మాలి. సింగిల్ నీడిల్, ఓవర్‌లాక్ ఈ రెండు మిషన్ల భాగాలు మాత్రమే ఉంచాలి. పెద్ద ఫ్యాక్టరీ అడిగితే సూదుల వరకు, అది కూడా 30 రోజుల గడువుకు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు.

టైలరింగ్ తెలిసి, మిషన్ విప్పడం తెలియనివారు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇళ్ల మధ్య పేటల్లో సామగ్రి దుకాణంగా మొదలుపెట్టి, వారంలో రెండు మూడు రోజులు వచ్చే మెకానిక్‌తో ఒప్పందం చేసుకోవడం మంచిది. అతని కూలి అతనికే వదిలేసి, భాగాల అమ్మకం మనం తీసుకుంటే గొడవ ఉండదు. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలకు 15,000 రూపాయల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి రుణం ఉన్నాయి. ఆ విధంగా కొత్త మిషన్ తెచ్చుకున్నవారికి బాబిన్లు, సూదులు, నూనె క్రమంగా కావాలి. పేటలోని కుట్టు శిక్షణ కేంద్రాలకు వెళ్లి పరిచయం చేసుకోవడం బోర్డు కంటే ఎక్కువ పని చేస్తుంది.

రెండూ తెలియనివారు, ఏదో ఒక వ్యాపారం చేయాలన్న ఆలోచనతో వచ్చినవారు, ఆరు నెలలు ఇలాంటి దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేసి తరువాత మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. చేతిలోకి తీసుకున్న బాబిన్ కేస్ ఏ మిషన్‌దో చూడగానే చెప్పలేనివారు రోజుకు నాలుగు తప్పు భాగాలు అమ్ముతారు, వాటిని తిరిగి తీసుకోక తప్పదు, తీసుకున్నవాటిని టోకు వ్యాపారి వెనక్కి తీసుకోడు.

మొదటి సరుకు రెండు లక్షల నుంచి రెండున్నర లక్షల మధ్య ఉంటే చాలు. విడిభాగాలే ప్రధానమైన దుకాణమైతే అందులో మూడో వంతు త్వరగా తిరిగే సూదులు, బాబిన్లు, నూనె, దారాలకు, మిగతాది ఎంచుకున్న ఒకటి రెండు మిషన్ల భాగాలకు పెట్టి, కనీసం నాలుగు నెలల స్థిరఖర్చు బ్యాంకులో ముట్టకుండా ఉంచాలి. కౌంటరు మీద ఒక పుస్తకం పెట్టి, అడిగి లేదన్న ప్రతి వస్తువునూ, అడిగినవారి మిషన్ రకాన్నీ రాసుకోవాలి. ఒకే భాగం నెలలో ముగ్గురు అడిగితే చిక్కపేట నుంచి తెప్పించాలి. ఏ భాగమైనా ఏడాదిపాటు కదలకపోతే, అదే టోకు వ్యాపారితో మాట్లాడి నష్టానికైనా మార్చుకుని, ఆ చోటులో తిరిగే సరుకు పెట్టాలి. మూడో మిషన్ రకాన్ని, అంటే ఫ్లాట్‌లాక్‌నో, కాజా మిషన్‌నో, దుకాణంలోకి తీసుకురావాలా వద్దా అన్నది ఏడాది చివర ఆ పుస్తకం చూసి నిర్ణయించుకోవచ్చు.